బాతు తల ఎత్తిందంటే ఆగిపోండి

(ఒడిశాలోని బరంపురంలో జనవరి మొదట్లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద వేసే ఫోటోలు అంత దూరం నుంచి సరిగ్గా కనిపించవు. మాస్టారూ, మీరు కూడా రండి. ఆ ఫ్యాను కింద వద్దు, ఈ పక్కన కూర్చోండి.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో చిలికా సరస్సు చూడనివారు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఒక్కరూ లేరు. మంచిది. ఇప్పుడు రెండో ప్రశ్న. చిలికాలో ఒక బాతును, ఒకే ఒక్క బాతును, పావుగంట సేపు చూపు తిప్పకుండా చూసినవారు ఎంతమంది? రెండే చేతులు. అందులో ఒకటి మా ఇంటావిడది. ఆవిడకు ఇష్టమై చూసిందో, నాతో వచ్చి తప్పక చూసిందో నేను అడగలేదు.

కెమెరాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ కెమెరా సంగతి ఎంత చెప్పినా, పక్షి రోజంతా ఏం చేస్తుందో తెలియకపోతే ఆ కెమెరాతో మీరు తీసేది పక్షి వీపు, లేదా పక్షి తోక. ఎందుకంటే అప్పటికే అది మీ నుంచి పారిపోతూ ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే, ఇదొక్కటే. దీన్నే రకరకాలుగా చెబుతాను, విసుక్కోకండి.

చిలికాకు మనం మరీ దగ్గరగా ఉన్నాం. కార్తీకమాసంలో వనభోజనాలకు సరస్సు ఒడ్డునున్న రంభ ఊరికి వెళ్తాం, పులిహోర తింటాం, పడవెక్కి ఒక చుట్టు తిరిగి వచ్చేస్తాం. భువనేశ్వర్ వెళ్లే రైలెక్కితే పట్టాల పక్కనే సరస్సు కనిపిస్తుంది, మనం మాత్రం ఫోను చూసుకుంటూ ఉంటాం. అదే హైదరాబాదు నుంచో పూణే నుంచో వచ్చినవాళ్లు వేలకు వేలు పెట్టి, తెల్లవారకముందే లేచి, చలిలో పడవలో కూర్చుంటారు. వాళ్లకు అది యాత్ర, మనకు అది దారిలో కనిపించే నీళ్లు.

ఆ నీళ్ల సంగతి రెండు ముక్కలు చెప్పుకుందాం. ఫోటోలకూ దానికీ సంబంధం ఏమిటంటారా? ఉంది, వినండి. వానాకాలంలో చిలికా 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. వేసవికి 900 దగ్గరికి కుంచించుకుపోతుంది. పూరీ, ఖుర్దా, గంజాం, ఈ మూడు జిల్లాల్లో ఉంది. 1981లో మన దేశం నుంచి రాంసర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి, మొదట ఎక్కిన రెండు చిత్తడి నేలల్లో ఇది ఒకటి. రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్. అంత పేరున్న సరస్సు పన్నెండేళ్లు తిరిగేసరికి, 1993లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి పోయింది. సముద్రంతో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప తగ్గింది. 2000 సంవత్సరంలో కొత్త ముఖద్వారం తవ్వారు. సముద్రపు నీళ్లు మళ్లీ లోపలికి వచ్చాయి. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు.

అంటే చిలికాలో ఏ పక్షి ఎక్కడ ఉంటుందో నిర్ణయించేది నీళ్లలోని ఉప్పూ, నీళ్ల లోతూ. ఉత్తరం వైపు మహానది పాయలు తెచ్చే మంచినీళ్లు. అక్కడ జమ్ము, తుంగ, బురద. ముక్కుతో బురదలో వెతుక్కునే పిట్టలూ, తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులూ అక్కడ చేరతాయి. మంగళాజోడి అనే ఊరు అటువైపే. మధ్యలో నలబన. వానాకాలంలో మునిగిపోయి, చలికాలంలో పైకి తేలే దీవి అది, సుమారు 15 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. 1987లో పక్షుల అభయారణ్యమైంది. మన గంజాం జిల్లా వైపు, దక్షిణాన, రంభ. అక్కడ రాతి దీవులు, కొండలు, లోతు నీళ్లు. తల మాత్రమే ముంచి మేసే బాతుకు అంత లోతులో తిండి అందదు. మరి రంభ వెళ్లి, నాలుగు నీటికాకుల్ని చూసి, 'ఏమండీ, లక్షల పక్షులన్నారు, ఎక్కడా?' అని నన్ను అడిగితే నేనేం చెప్పను?

లక్షల మాట నిజమే. ఏటా జనవరిలో అటవీ శాఖ లెక్క తీస్తుంది. ఇటీవలి ఏళ్లలో ఆ లెక్క పది లక్షలు దాటింది. కానీ ఆ పది లక్షలూ మీ పడవ పక్కనే ఉండవు కదా.

ఇంకో మాట. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, అయినా అంటాను. ఏటా మన పత్రికల్లో 'సైబీరియా పక్షులు వచ్చాయి' అని రాస్తారు. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో కొంగలు దిగితే సైబీరియా. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు దిగితే సైబీరియా. ఆ ఊళ్ల వాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, దండం పెట్టాలి వాళ్లకు. కానీ తేలుకుంచికి వచ్చేది నత్తగుల్ల కొంగ. అది మన దేశపు పక్షి. తొలకరికి వచ్చి, గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని పోతుంది. గూడబాతూ అంతే, దక్షిణ, ఆగ్నేయ ఆసియా దాటి ఎక్కడికీ పోదు. సైబీరియాలో దానికేం పని? చిలికాకు వచ్చే బాతుల కథ వేరు. అవి ఇక్కడ గూడు కట్టవు, గుడ్డు పెట్టవు. వాటి పుట్టిల్లు అక్కడే, ఉత్తరాన. అక్కడ నీళ్లు గడ్డకట్టి తిండి దొరకదు కాబట్టి ఇక్కడికి వస్తాయి. తిని, బలం కూడగట్టుకుని, తిరిగి పోతాయి. ఈ తేడా ఫోటో తీసేవాళ్లకు చాలా ముఖ్యం. గూటి దగ్గరి పక్షి మిమ్మల్ని చూసి భయపడినా పిల్లల కోసం మళ్లీ వస్తుంది. చలికాలపు బాతుకు ఇక్కడ పిల్లలు లేవు. లేచిందంటే మరో చోటికి పోతుంది, మళ్లీ మీకు కనిపించదు.

ఈ ఫోటో చూడండి. తల వెనక రెండు నల్లటి పట్టీలున్న పెద్ద బాతు. బార్‌హెడెడ్ గూస్ అంటారు. మంగోలియాలో, టిబెట్‌లో, మన లడఖ్‌లో పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి ఇక్కడికి వస్తుంది. వీటికి చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి ఉపగ్రహాలతో గమనించారు. 7,000 మీటర్లకు పైన ఎగిరిన సందర్భాలు నమోదయ్యాయి. అయితే అవి ఎప్పుడూ అంత ఎత్తులోనే ఎగురుతాయని అనుకోకండి. కొండ లేచిన చోట లేస్తాయి, లోయ దిగిన చోట దిగుతాయి, ఒకేసారి ఎత్తుకు పోయి అక్కడే ఉండిపోవు. ఎత్తులో ఉండిపోవడం కంటే దిగి మళ్లీ ఎక్కడమే వాటికి తక్కువ శ్రమ అని తేలింది. పైన పలచని గాలిలో కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే రక్తం వాటిది.

దీని ఫోటో అందరూ తీస్తారు. మరి ఈ రెండో ఫోటోలో ఉన్నది ఏమిటో చెప్పండి? పిచ్చుకా? కాదమ్మా. లిటిల్ స్టింట్. పాతిక ముప్పై గ్రాముల పిట్ట. ఆర్కిటిక్ తీరపు టండ్రాలో పుట్టి ఇక్కడికి వస్తుంది. పెద్ద బాతు హిమాలయాలు దాటిందని మనం నోరు తెరుస్తాం, ఇది బురదలో మన కాళ్ల దగ్గర తిరుగుతుంటే పిచ్చుక అనుకుని తొక్కినంత పని చేస్తాం. నాకు దీని మీదే ఎక్కువ ప్రేమ. సరే, అది నా పక్షపాతం.

ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరులోనే పక్షులు దిగడం మొదలవుతుంది. చాలామంది ఆత్రంగా నవంబరు మొదట్లోనే వెళ్లి, 'అన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి, మగబాతులు రాలేదేమో' అంటారు. మగవి వచ్చాయి. మీరు పోల్చుకోలేదు. సంతానం పని అయ్యాక మగబాతు తన అందమైన ఈకల్ని రాల్చేసి, ఆడబాతు లాంటి మట్టి ఈకలు వేసుకుంటుంది. రెక్కల పెద్ద ఈకలు కూడా ఆ రోజుల్లోనే ఒక్కసారిగా రాలిపోతాయి. కొన్ని వారాలు ఎగరలేదు, అందుకే శత్రువు కంటపడకుండా ఆ రంగు. ఇక్కడికి వచ్చిన తర్వాత మెల్లమెల్లగా మళ్లీ సింగారించుకుంటుంది. డిసెంబరు, జనవరి నాటికి సూదితోక బాతు తల చాక్లెట్ రంగు, మెడ పక్కన తెల్లని గీత, వెనక ఆ పొడవాటి తోక, అన్నీ పూర్తిగా వస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో మగవి ఆడదాని చుట్టూ తిరగడం, మెడ సాచడం, గడ్డం పైకెత్తడం మొదలుపెడతాయి. జతలు ఇక్కడే కుదురుతాయి, కాపురం అక్కడ. కాబట్టి ఫోటోలకు ఇదే మంచి కాలం, ఇప్పుడే, ఈ నెలన్నర.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చలికాలంలో చాలా రకాల బాతులు ఎప్పుడు మేస్తాయి? పగలా, రాత్రా? ఎవరైనా చెప్పండి. పగలా? చాలావరకు రాత్రి. చీకటి పడుతుండగా లేచి మేతకు పోతాయి. తెల్లవారేసరికి తిరిగివచ్చి, గుంపుగా నీళ్ల మీద పడుకుంటాయి. మనం పడవేసుకుని వెళ్లేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. అంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చి నడుం వాల్చిన మనిషి తలుపు మనం కొడుతున్నామన్నమాట. ఒకరు కొట్టి వెళ్లగానే ఇంకొకరు. ఆదివారం అయితే వరసగా.

పడుకున్న బాతుల గుంపును ఎప్పుడైనా దగ్గరి నుంచి చూశారా? ముక్కును వీపు మీది ఈకల్లో దూర్చి పెడుతుంది. గాలికి కొట్టుకుపోకుండా ఉండటానికి నీళ్ల కింద ఒక కాలితో మెల్లగా తోసుకుంటుంది, అందుకే ఉన్నచోటే కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు గుంపు అంచున ఉన్నదాన్ని చూడండి. ఈ ఫోటోలో కుడివైపు చివర ఉన్నది. పడుకునే ఉంది. కానీ బయటి వైపు కన్ను తెరిచే ఉంది. మల్లార్డ్ బాతుల మీద పరిశోధన చేసి చూశారు. గుంపు నడుమ ఉన్నవి రెండు కళ్లూ మూసుకుని పడుకుంటాయి. అంచున ఉన్నది ఒక కన్ను తెరిచి, సగం మెదడుతో పడుకుంటుంది, మిగతా సగం కాపలా. ఆ కన్ను మిమ్మల్ని చూస్తోంది. మీరు లెన్సు బిగించుకునేలోపే మిమ్మల్ని చూసేసింది.

అప్పుడు ఏం జరుగుతుంది? మొదట అంచున ఉన్నది ముక్కు బయటికి తీస్తుంది. తల ఎత్తుతుంది. మెడ నిటారుగా నిలబడుతుంది. పక్కనున్నది చూస్తుంది, అదీ తల ఎత్తుతుంది. తర్వాత మీకు వీపు తిప్పి, ఏమీ పట్టనట్టు, నెమ్మదిగా ఈదడం మొదలుపెడతాయి. ఆ తర్వాత తలలు పైకీ కిందికీ ఆడిస్తాయి. ఆపైన లేవడమే. మొదటి తల ఎత్తినప్పుడు పడవ ఆపితే, చాలాసార్లు ఆ తల మళ్లీ దిగుతుంది. దిగిందంటే మిమ్మల్ని ఒప్పుకుందని అర్థం. ఆ తర్వాత మీకు కావలసినన్ని ఫోటోలు. ఈదడం మొదలైన తర్వాత ఆపితే సగం నష్టం అప్పటికే జరిగిపోయింది. బాతు తల ఎత్తిందంటే ఆగిపోండి. ఇంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు.

కానీ మనవాళ్లకు ఎగిరే గుంపు కావాలి! వెయ్యి రెక్కలు ఒక్కసారిగా లేవాలి, ఆకాశం నిండాలి. అలాంటి ఫోటో ఒకటి చూసి పదిమంది బయల్దేరతారు. చప్పట్లు కొట్టేవాళ్లను చూశాను. పడవ అంచును తెడ్డుతో బాదేవాళ్లను చూశాను. పడవ మనిషికి పైడబ్బులిచ్చి గుంపు మీదికే తోలించేవాళ్లను చూశాను. ఒక్కసారి లేవడానికి బాతు ఎంత శక్తి ఖర్చు పెడుతుందో ఆలోచించండి. మార్చిలోపు అది కొవ్వు పోగేసుకోవాలి. ఆ కొవ్వే దాని దారిఖర్చు. మీరు లేపిన ప్రతిసారీ అందులో కొంత తీసుకున్నారు. పైగా ఆ ఫోటో బాగుంటుందా? నన్నడిగితే బాగుండదు. అన్నీ మీకు వీపు చూపిస్తూ, తోకలు చూపిస్తూ ఉంటాయి. పక్షి తనంతట తాను లేచి, గాలికి ఎదురుగా, మీ వైపు వస్తున్న ఫోటోకూ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. ఎగిరే ఫోటో కావాలంటే సాయంత్రం దాకా ఆగండి. మేతకు పోయే వేళకు వాటంతట అవే లేస్తాయి. ఎర్రటి వెలుతురు కూడా ఉంటుంది, ఇంకేం కావాలి?

మంగళాజోడి మాట చెప్పాను కదా. ఇక్కడి నుంచి ఉత్తరంగా జాతీయ రహదారి మీద బాలుగాం దాటి, టంగి దగ్గర లోపలికి తిరగాలి. ఇప్పుడు దేశమంతా పేరున్న ఊరు. కానీ 2000కు ముందు ఆ ఊరికి వేరే పేరు ఉండేది, పక్షుల వేటకు. తుపాకీ, వల, విషం, అన్నీ వాడేవారు. వైల్డ్ ఒరిస్సా అనే సంస్థ వాళ్లతో ఓపికగా మాట్లాడింది. ఆ వేటగాళ్లే శ్రీశ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి పేరుతో కాపలాదారులయ్యారు. ఇవాళ మీ పడవను గెడతో నడిపే పెద్దాయన ఒకప్పుడు వేటగాడు కావచ్చు. ఏ పక్షి ఏ గడ్డిలో పడుకుంటుందో, ఎంత దూరానికి బెదురుతుందో ఆయనకు మీ నా కంటే బాగా తెలుసు. అప్పట్లో చంపడానికి నేర్చుకున్న విద్యే అది. అలాంటి మనిషి గెడ ఆపి కూర్చుంటే, వెనక నుంచి మనం 'ఆఉ టికే ఆగకు, భాయి' అంటాం, ఇంకొంచెం ముందుకు పొమ్మని. ఒడియా మనకు బాగా వచ్చు కదా, అదే చిక్కు. ఆయన ఆగాడంటే ఆగనివ్వండి.

ఆగితే ఏం కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మంగళాజోడిలో బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్ అనే పొడుగు ముక్కు పిట్టలు బాగా ఉంటాయి. ఇంజను లేని పడవ, గెడ ఆగింది, అందరూ మాట్లాడటం మానేశారు. కాసేపటికి ఆ పిట్టలు మేస్తూ మేస్తూ పడవ వైపే నడుచుకుంటూ వస్తాయి. మోకాలి లోతు నీళ్లు దానికి, మనకు చీలమండ కూడా మునగదు. ముక్కును బురదలో దించుతుంది. కళ్ల దాకా, ఒక్కోసారి కళ్లు కూడా మునిగేదాకా దించుతుంది. కుట్టుమిషను సూదిలా గబగబా గుచ్చదు, ఒకచోట దించి, కొంచెం ఆగి, కొంచెం పక్కకు తిప్పుతుంది. లోపల ఏం జరుగుతోందో తెలుసా? ముక్కు మొత్తం తెరవకుండా, చివర మాత్రమే తెరవగలదు. బురద లోపలే పురుగును ఆ చివరతో పట్టుకుంటుంది. పైకి తీసినప్పుడు ముక్కు మీద నుంచి బురద జారుతూ ఉంటుంది, పురుగు కొస ఒకటి బయట వేలాడుతుంది, ఒక్క ఊపుతో లోపలికి. ఆ క్షణం ఫోటో తీయండి. దానికి వెయ్యి రెక్కలు అక్కర్లేదు. ఆ పిట్ట మీరు అక్కడ ఉన్నారన్న సంగతే మరిచిపోయి ఉండాలి, అంతే.

సరే, కెమెరా. గడియారం చూస్తున్నారు కొందరు, నాకు కనిపిస్తోంది.

లెన్సు 400 మిల్లీమీటర్లు ఉంటే చాలు, 600 ఉంటే సంతోషం. అంతకంటే ఎక్కువ అప్పుచేసి కొనకండి. స్టాండు పడవలో దండగ, ఎవరు కదిలినా అది కదులుతుంది. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒక చివర కుట్టి, పెసలో శనగలో పోసి, రెండో చివర కూడా కుట్టేయండి. పడవ అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. ఇసుక పోయకండి, కెమెరాలోకి పోతుంది. ఇంకో లాభం, అంచు మీద పెడితే లెన్సు నీటికి దగ్గరగా ఉంటుంది. నిలబడి పైనుంచి తీస్తే పక్షి వెనక అంతా బురదే. దాని కంటికి సమానంగా దిగి తీస్తే వెనకనున్న గడ్డి మెత్తటి రంగుగా మారిపోతుంది. మామూలు పక్షి ఫోటోకూ, మంచి పక్షి ఫోటోకూ తేడా చాలావరకు ఆ రెండడుగుల ఎత్తులోనే ఉంది.

షట్టరు వేగం సంగతి. కూర్చున్న బాతుకు సెకనులో ఐదువందలో వంతు, హడావిడిగా మేసే చిన్న పిట్టలకు వెయ్యో వంతు, ఎగిరేవాటికి రెండువేలో వంతు. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టుకునే చురుకు, ఎంత పెరిగినా పెరగనివ్వండి. గింజలు పడ్డ ఫోటోను బాగుచేయవచ్చు, కదిలిపోయిన ఫోటోను బ్రహ్మదేవుడు కూడా బాగుచేయలేడు. తెల్లటి పక్షి నల్లటి నీళ్ల మీద ఉంటే కెమెరా మోసపోతుంది. నీళ్ల నలుపు చూసి వెలుతురు పెంచుతుంది, పక్షి ఒంటి మీది ఈకలన్నీ తెల్లటి ముద్ద అయిపోతాయి. వెలుతురును అరస్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి, స్టాపు అంటే కెమెరాలో వెలుతురు కొలత. అదే పక్షి తెల్లటి ఆకాశంలో ఎగురుతుంటే తిరగేసి పెంచండి. ఈ రెండు గుర్తుంటే చాలు, మిగతాది కెమెరా చూసుకుంటుంది.

తేమ గురించి. మన దగ్గర చలి కంటే తేమతోనే బాధ. హోటల్ గదిలో ఏసీ వేసుకుని పడుకుంటారు, లెన్సు రాత్రంతా చల్లబడుతుంది, తెల్లవారుజామున బయటికి తీయగానే అద్దం మీద ఆవిరి. తుడుస్తారు, మళ్లీ వస్తుంది. ఏసీ ఆపేసి పడుకోండి, జనవరిలో ఏసీ ఎందుకసలు? లేదంటే సంచి మూతి విప్పకుండా అరగంట ముందే బయట పెట్టండి. ఇక పొద్దెక్కాక, తొమ్మిదిన్నర పది దాటాక, ఎండ వేడికి నీటి మీది గాలి అల్లాడుతున్నట్టు కనిపిస్తుంది. దూరపు పక్షి ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా కరిగిపోయినట్టు వస్తుంది. అది లెన్సు తప్పు కాదు. లెన్సును రిపేరు షాపుకు పట్టుకుపోయినవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

ఫోను మాత్రమే ఉంది, మేమేం చేయాలి అని ఆ అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. పక్షిని వదిలెయ్యి తల్లీ, చలికాలాన్ని తియ్యి. రంభలో సూర్యుడు సరస్సు మీదే ఉదయిస్తాడు. అంటే పొద్దున వెలుతురు నీకు ఎదురుగా ఉంటుంది, పక్షులు తీసేవాళ్లకు అది ఇబ్బంది, నీకు వరం. వలలు కట్టే వెదురు గుంజలు నీళ్లలో వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కో గుంజ మీద ఒక నీటికాకో, రేవు పిట్టో. పొగమంచులో మొదటి నాలుగు గుంజలు కనిపిస్తాయి, ఐదోది సగం, ఆ తర్వాత ఏమీ ఉండదు. గట్ల మీద ఎండబెట్టిన చేపలు, గడ్డి మీద మంచు పట్టిన సాలెగూళ్లు, పడవ ముక్కు మీద గొంగళి కప్పుకుని కూర్చున్న మనిషి. ఆయన్ని అడిగి తియ్యి. బైనాక్యులర్ ఉంటే దాని అద్దానికి ఫోను ఆనించి కూడా తీయవచ్చు, చేయి కుదరడానికి కాస్త సాధన కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా చిలికాకే పోనక్కర్లేదు. ఛత్రపురం పక్కన తంపర సరస్సు ఉంది, 2021లో అదీ రాంసర్ జాబితాకెక్కింది. హుమ్మ వైపు ఉప్పుమడులు ఉన్నాయి, గట్టు మీద కదలకుండా కూర్చుంటే చిన్న పిట్టలు బాగా దగ్గరికి వస్తాయి. అస్కా వైపు భేట్నోయి పొలాల్లో కృష్ణజింకలు. రైతులే కాపాడుకుంటున్నారు, జింక పొలంలోకి దిగితే శుభమంటారు. ఒక్కటి మాత్రం. పంట తొక్కి ఫోటో తీయకండి, వాళ్లు జింక తొక్కితే ఊరుకుంటారు కానీ మీరు తొక్కితే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

డ్రోను సంగతి అడగబోతున్నారు, ముందే చెబుతాను. వద్దు. పైనుంచి వచ్చేది ఏదైనా బాతుకు గద్దే. నలబన వైపు అటవీ శాఖ గీసిన గీత దాటి ఎవరైనా పడవ తీసుకుపోతామంటే ఎక్కకండి. పిట్ట కూతల రికార్డింగు ఫోనులో వేసి పిలవడం కూడా అంతే, అది ఫోటోగ్రఫీ కాదు, దొంగ పిలుపు.

చివరగా, తీసిన ఫోటోలను ఏం చేస్తారు? గ్రూపుల్లో పెట్టి వంద మెచ్చుకోళ్లు తెచ్చుకుంటారు, నేనూ పెడతాను, అందులో తప్పేం లేదు. కానీ ఆ ఫోటో ఇంకో పనికి కూడా వస్తుంది. మంగోలియాలో బార్‌హెడెడ్ గూస్‌ల మెడకు అక్షరాలు, అంకెలు రాసిన పట్టీ వేస్తారు. ఆ పట్టీలున్న బాతులు దక్షిణాది చెరువుల్లో కూడా కనిపించాయి. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మన దేశంలో ఎన్నో ఏళ్లుగా పక్షుల కాళ్లకు రింగులు వేస్తున్నారు. మీ ఫోటోలో ఆ పట్టీయో రింగో కనిపిస్తే, పెద్దది చేసి చూసి, అక్షరాలు చదివి, వాళ్లకు పంపండి. ఆ పక్షి ఎక్కడ పుట్టిందో, ఎంత దూరం వచ్చిందో మీకు జవాబు రావచ్చు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ జరుగుతోంది. మన ఊరి చెరువును కూడా అందులో లెక్కపెట్టవచ్చు, ఎవరూ వద్దనరు. ఫోటో అందంగా లేకపోయినా ఫర్వాలేదు. పక్షి ఏదో తెలియాలి, చోటు తెలియాలి, తేదీ తెలియాలి.

ఈ తేదీ దగ్గరే చిక్కు. ఇందాక టీ తాగుతుంటే ఆ నీలం చొక్కా బాబు తన ఫోటోలు చూపించాడు, చాలా బాగున్నాయి. సూదితోక బాతు, పూర్తి సింగారంలో, కింద తేదీ చూస్తే జూన్! జూన్‌లో చిలికాలో అలాంటి బాతు దొరికితే బాబూ, నిన్ను దేశమంతా వెతుక్కుంటూ వస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు, కెమెరా లోపల గడియారం వెనక్కు పోయి ఉంటుంది. కెమెరాలు తెచ్చినవారంతా ఇప్పుడే సంచుల్లోంచి తీసి తేదీ, సమయం సరిచూసుకోండి. సంవత్సరం కూడా చూడండి. నేను ఆగుతాను, నాకేం తొందర లేదు.